హక్కుల పందిరి

తవిటమ్మ గంజి తపేలా నెత్తిన పెట్టుకుని హైస్కూలు మైదానానికి అడ్డంపడి నడుస్తుంటే, గునపంతో గొయ్యి తవ్వుతున్న మనిషి వీపు కనిపించింది. ఆ వీపుని ఆమె కళ్లు మూసుకుని తడిమినా పోల్చుకోగలదు. కుడి భుజం మీద ఉప్పు కావిడి రాసి రాసి కాయ కాసిన చోటు, దాని కింద పాత పుండు మచ్చ. కార్తీక అమావాస్య మర్నాడు పోలీసులు లాక్కుపోయిన దగ్గర్నుంచీ ఆ మనిషిని ఆమె చూడలేదు. రోజూ గెడ్డపాలెం నుంచి నడిచొచ్చి స్టేషను గుమ్మంలో గంజి ఇవ్వడం, తపేలా లోపలికి వెళ్లడం, ఖాళీది బయటికి రావడం. "నా మొగుడ్ని ఒక్కపాలి సూడనియ్యి బాబూ" అంటే "ఇక్కడ నీ మొగుడెవడూ లేడు" అనడం. లేని మనిషి గంజి ఎలా తాగుతున్నాడని ఒకరోజు అడిగింది. అడిగినందుకు ఆ రోజు తపేలా సొట్టపడి బయటికొచ్చింది.

ఇప్పుడు ఆ లేని మనిషి పట్టపగలు, ఊరి నడిబొడ్డున, నడుముకి తాడు కట్టించుకుని గొయ్యి తవ్వుతున్నాడు. తాడు రెండో కొస వేపచెట్టు నీడన కూర్చున్న కానిస్టేబులు గంగరాజు చేతిలో ఉంది.

"మావా!" అని అరిచింది తవిటమ్మ.

అప్పలసూరి తిరిగి చూశాడు. గెడ్డం మాసిపోయి, కళ్లు లోపలికి పోయి, కింది పెదవి చిట్లి ఉంది. ఆమెని చూసి నవ్వబోయాడు. "గంజి తెచ్చినావేటే" అన్నాడు, ఉప్పు మడి గట్టు మీద మధ్యాహ్నం పూట అడిగినట్టే. అంత మామూలుగా అడిగేసరికి తవిటమ్మకి ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది.

"దూరం, దూరం" అన్నాడు గంగరాజు లేవకుండానే. "ముద్దాయితో మాటాడకూడదు."

"ముద్దాయేటి? నిన్నటిదాకా ఇక్కడెవుడూ లేడన్నావు గదా బాబూ. రేతిరికి రేతిరి మొలిసినాడేటి?"

"ఒసే, నోరు అదుపులో పెట్టుకో. పనికి తీసుకొచ్చాం. పనయితే తీసుకుపోతాం."

"ఏటి పని?"

గంగరాజు మొహం పక్కకి తిప్పుకున్నాడు. జవాబు వెనకనుంచి వచ్చింది. సుందరరావు మాస్టారు, చేతిలో మామిడాకుల మోపుతో నిలబడి ఉన్నాడు. ఆయన ఆ స్కూల్లో సోషలు చెప్తాడు. బాప్టిస్టు చర్చి వెనక వీధిలో కాపురం. గెడ్డపాలెం పిల్లలకి ఆదివారం సాయంత్రాలు అక్షరాలు దిద్దించడానికి వస్తాడు గనక తవిటమ్మకి ఎరికే.

"రేపు సభ ఉంది తవిటమ్మా. పందిరి రాటలకి గోతులు."

"ఏటి సభ మాస్టారూ?"

మాస్టారు మామిడాకుల మోపు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మానవ హక్కుల దినోత్సవం" అన్నాడు చివరికి.

అది వెయ్యిన్ని తొమ్మిదివందల అరవై ఎనిమిది. ఆ ఏడాదంతా ప్రపంచానికి మానవ హక్కుల సంవత్సరం. సముద్రాల అవతల పెద్దలు కూర్చుని అలా నిర్ణయించారు. నిర్ణయం ఢిల్లీకి వచ్చింది, ఢిల్లీ నుంచి హైదరాబాదుకి, అక్కణ్ణుంచి జిల్లాకి, జిల్లా నుంచి ఈ తాలూకా ఊరి హెడ్మాస్టరు బల్ల మీదికి దిగింది. సభ చెయ్యమన్నారు గానీ పందిరికి కూలీలు ఎక్కణ్ణుంచి తెమ్మన్నారో అందులో లేదు. హెడ్మాస్టరుకి అదో లెక్క కాదు. పోలీసు స్టేషను గోడ స్కూలు గోడ ఒకటే. గోడ మీంచి ఎస్సైగారికి ఓ మాట వేశాడు. ఎస్సైగారు లాకప్పులో ఉన్నవాణ్ణి పంపించాడు. ఇందులో ఎవరికీ ఏ తేడా కనిపించలేదు. ఆగస్టు పదిహేనుకీ అంతే, మంత్రిగారొస్తే అంతే. ఈ సభ పేరేమిటో ఒక్కసారి పైకి చదువుకుని ఉంటే వాళ్ల నాలుకైనా తడబడేదేమో. చదువుకోలేదు.

అప్పలసూరి చేసిన నేరం ఏమిటో చెబితే వినేవాడికి నవ్వొస్తుంది, పడినవాడికి రాదు. నౌపడకి ఇవతల కాంట్రాక్టరు నరసింగరావు ఉప్పు మళ్లున్నాయి. ఎటు చూసినా ఉప్పునీరే. గెడ్డపాలెం కూలి జనానికి తాగడానికి ఒక్కటే మంచినీళ్ల చెలమ. మళ్లు పెంచుకుంటూ పెంచుకుంటూ నరసింగరావు ఆ చెలమని కూడా కంచెలోకి కలిపేసుకుని తలుపుకి తాళం వేశాడు. ఆడవాళ్లు పొద్దస్తమానం ఎండలో ఉప్పు లాగి, గొంతు తడుపుకోవడానికి మైలు దూరం పోవలసి వచ్చింది. అప్పలసూరి నాయకుడు కాదు, మేస్త్రీ కాదు, కావిడి మోసే మనిషి. పదిమందినీ వెంటేసుకుని వెళ్లి, "తాళం తీయించండి బాబూ" అని అడిగాడు. అంతే. తర్వాత అమావాస్య పోటుకి సముద్రం కట్ట తెంపుకుని లోపలికొచ్చింది, తాటాకు కప్పిన ఉప్పు కుప్పలు రెండు కరిగిపోయాయి. ఆ కట్టని పీతలు బొరియలు తవ్వి జల్లెడ చేశాయని, దీపావళికి ముందే మట్టి వేయించమని కూలీలందరూ మొత్తుకున్నారు. నరసింగరావు వెయ్యించలేదు. ఇప్పుడు తన పిసినారితనం మీద కేసు పెట్టుకోలేడు గదా, అప్పలసూరి తెంపాడని పెట్టాడు.

"ఆ సబకి ఎవులొస్తారు?" అని అడిగింది తవిటమ్మ.

మాస్టారు ఆమెని చర్చి అరుగు దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. మంచినీళ్లిచ్చాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆయన గొంతులో కూడా కోపమే ఉంది గానీ, అది జీతం మీద బతికేవాడి కోపం, గొంతు దాటి రాదు. ఇరవై ఏళ్ల కిందట ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒక ప్రకటన రాసుకున్నాయన్నాడు. మనిషిని మనిషిగా చూడాలని, ఊరికే పట్టుకుని బంధించకూడదని, కొట్టకూడదని, వెట్టి చేయించకూడదని, తప్పు రుజువయ్యేదాకా తప్పు చేసినవాడిగా చూడకూడదని. మన దేశం కూడా అందులో చెయ్యి వేసిందన్నాడు. రేపు పిల్లలు ఆ ముక్కలే అప్పజెబుతారన్నాడు.

"అయితే ఆ రాసినోలకి సెప్దాం. మా ఓడ్ని ఊరికినే ఉంచీసినారని సెప్దాం. వస్తారా?"

"రారు తవిటమ్మా. రాస్తే ముట్టిందని జవాబు వస్తుంది. అంతకన్నా ఏమీ చెయ్యలేమని వాళ్లే అనుకున్నారు, మొదట్లోనే."

"మరి రాసుకోడం ఎందుకు?"

మాస్టారు తల గోక్కున్నాడు. "సీమదేశాల వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. వాళ్లలో వాళ్లు కలిసి ఒక కోర్టు పెట్టుకున్నారు. సొంత సర్కారు అన్యాయం చేస్తే అక్కడి మనిషి పై మెట్టుకి ఫిర్యాదు పంపొచ్చు. అమెరికా వైపు దేశాలకీ ఏదో సంఘం ఉంది."

"మన దిక్కుకి?"

"మన దిక్కుకి లేదు."

"అంటే అక్కడోల్ది ఒల్లు, మనది రాయీ రప్పానేటి?" తవిటమ్మ లేచి నిలబడింది. "అంత పెద్ద పెద్దోలు, అంత దూరంలో, ఇన్ని మాటలు రాసుకుని, మా కాడికొచ్చేసరికి సేతులు కట్టీసుకుంటారా? దానికి మల్లీ పందిరి! దానికి మల్లీ నా మొగుడిసేత గోతులు!"

"కూర్చో" అన్నాడు మాస్టారు. "దూరంవాళ్లని వదిలెయ్. మన రాజ్యాంగంలోనే ఉంది. ఎవర్ని పట్టుకున్నా ఒక్క రోజులోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పెట్టకపోతే అది పోలీసుల తప్పు. నేను ఎస్సైని అడిగాను. ఇక్కడెవరూ లేరన్నాడు నాతో కూడా. మన మేజిస్ట్రేటుగారి చెవిన ఒక్కసారి పడితే..."

"ఆ బాబు ఎక్కడుంటాడు?"

మాస్టారు ఆమె మొహంలోకి చూశాడు. చెబితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. హెడ్మాస్టరు తెలుసు, ఇంక్రిమెంటు తెలుసు, ఇంట్లో నీళ్లోసుకున్న భార్య పరంజ్యోతి తెలుసు. అయినా చెప్పాడు. "రేపటి సభకి ఆయనే అధ్యక్షుడు."

మర్నాడు తవిటమ్మ ఉతికిన కోక కట్టుకుని మిగతా ఆడవాళ్ల కంటే ముందే వచ్చి పందిట్లో కూర్చుంది. రాటలు గట్టిగా పాతారు. అప్పలసూరి పని అలాగే ఉంటుంది, బందీ అయినా. వేదిక మీద తెల్లదుప్పటి పరిచిన బల్ల, దాని వెనక మేజిస్ట్రేటుగారు, ఒక పక్క హెడ్మాస్టరు, ఇంకో పక్క, దాతల వరసలో, కాంట్రాక్టరు నరసింగరావు. వేదికకి గుడ్డలిచ్చింది ఆయనే. ముగ్గురి మెడల్లోనూ బంతిపూల దండలు. నరసింగరావుని అక్కడ చూసేసరికి తవిటమ్మ ఇంకో వరస ముందుకి జరిగి కూర్చుంది.

మేజిస్ట్రేటుగారు చెడ్డమనిషి కాడు. ఆ మాట ఆ ఊళ్లో అందరూ అనేవారు. లంచం తీసుకోడు, గొంతు పెంచడు, చట్టం పుస్తకం దాటడు. ఆయన నిదానంగా, ఎవరికీ కోపం రాకుండా మాట్లాడాడు. మానవుడు స్వేచ్ఛగా పుట్టాడన్నాడు. చట్టం ముందు బీదా గొప్పా లేదన్నాడు. ప్రతి చప్పట్లకీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తరవాత పిల్లలు వరసగా వచ్చి అప్పజెప్పారు. రెండు జడల పిల్ల ఒకతి ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, "ఎవ్వరినీ అన్యాయంగా పట్టుకొనరాదు, నిర్బంధించరాదు" అని గడగడా చెప్పి, నమస్కారం పెట్టి వెళ్లబోయింది.

"ఆగు తల్లీ" అంది తవిటమ్మ లేచి నిలబడి.

ఉప్పు మళ్లలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పిలిచే గొంతు అది. మైకు అక్కర్లేదు.

"ఓ మేజిస్ట్రేటు బాబూ! ఆ గుంట సెప్పింది ఇన్నావా? నీ నెత్తిమీది పందిరి రాటలు పాతినోడు నా మొగుడు. పేరు అప్పలసూరి. కార్తీక అమాస మర్నాడు పట్టుకొచ్చినారు. ఆ గోడకవతలున్నాడు. నాను రోజూ గంజి తెస్తన్నాను. ఆ బాబులు తాపిస్తన్నారు. అడిగితే లేడంతన్నారు. ఒక్కరోజులో నీకు సూపించాలంట గదా? సూపించినారా? నువ్వు సూసినావా?"

పందిట్లో కలకలం రేగింది. హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచి "ఎవరావిడ, పంపించండి బయటికి" అన్నాడు. గంగరాజు పరుగెత్తుకొచ్చాడు. గెడ్డపాలెం ఆడవాళ్లు కూర్మమ్మ, అసిరమ్మ అడ్డంగా నిలబడ్డారు. "దాని మీద సెయ్యేస్తే మర్యాద దక్కదు" అంది కూర్మమ్మ. నరసింగరావు తన దండలో పువ్వు ఒకటి తుంపుతూ ఎటో చూస్తున్నాడు.

మేజిస్ట్రేటుగారు కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు. పందిరి పక్కన నిలబడ్డ ఎస్సై వైపు చూశాడు. ఇంగ్లీషులో ఏదో అడిగాడు, ఎస్సై ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. తరవాత మేజిస్ట్రేటుగారు మైకు దగ్గరికి వంగి, "ఈ రోజే, మధ్యాహ్నం, ఆ వ్యక్తిని నా కోర్టులో హాజరు పరచండి" అన్నాడు.

చప్పట్లు మోగాయి. అవి తవిటమ్మకి కాదు, మేజిస్ట్రేటుగారికి. ఎవరికైతేనేం అనుకుంది తవిటమ్మ. ఇన్నాళ్లకి ఆమె గుండెలో బరువు దిగింది. మా ఓడు ఓ పెద్దమనిషి ముందు నిలబడతాడు, కట్ట సంగతి, పీతల సంగతి, తాళం సంగతి నోరారా చెప్పుకుంటాడు. అంతకన్నా ఇంకేం కావాలి.

మధ్యాహ్నం కోర్టు వరండాలో గంగరాజు, కుంటుకుంటూ వచ్చిన అప్పలసూరిని స్తంభం పక్కన కూర్చోబెట్టాడు. ఇప్పుడు భార్యని పక్కన కూర్చోనిచ్చాడు. సుందరరావు మాస్టారు ఇంకా రాలేదు. హెడ్మాస్టరు ఆయన్ని తన గదిలో నిలబెట్టి, "ఆ ముండకి చట్టం నేర్పింది నువ్వేనా?" అని కడిగేస్తున్నాడని కూర్మమ్మ చెప్పింది.

"కాలు నొప్పెడతన్నాదా?" అంది తవిటమ్మ.

"పర్నేదు."

"ఇదిగో మావా, ఇను. బాబు పెద్దోడు. మర్యాదగ ఉండాల. ముందు తప్పు తలకెత్తుకో. ఆనక ఆ బాబు అడుగుతాడు. అడిగినప్పుడు మొత్తం సెప్పు. పీతల బొరియలు మర్సిపోవొద్దు. తాళం సంగతి మర్సిపోవొద్దు."

"నాకు తెలీదేటే" అన్నాడు అప్పలసూరి.

గెడ్డపాలెంలో తగువు తీర్చే పద్ధతి ఒకటుంది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. నలుగురూ కూర్చున్నాక, మాట పడ్డవాడు తలగుడ్డ నేల మీద పరిచి, సాష్టాంగపడి, "తప్పు నాదే బాబూ, పెద్దలు దయ సూడాల" అనాలి. తప్పు చేశాడా లేదా అన్నది అప్పటికింకా ఎవరూ ఎత్తరు. సభకి తల వంచానని చెప్పడం అది. అప్పుడు పెద్ద, "లెగు. ఏటి జరిగిందో సెప్పు" అంటాడు. కథ అక్కణ్ణుంచి మొదలవుతుంది. అలా తప్పు తలకెత్తుకున్నవాడు చాలాసార్లు నిర్దోషిగా లేచి వెళ్లేవాడు, తప్పు అవతలివాడి మీద పడేది. వచ్చీ రాగానే "నాను సెయ్యనేదు" అన్నవాడి మాట మాత్రం ఎవడూ వినేవాడు కాదు. పొగరుబోతని మొహం తిప్పేసుకునేవారు. అప్పలసూరి తండ్రి అలాగే నిలబడ్డాడు, తాత అలాగే నిలబడ్డాడు. తవిటమ్మ మేనమామే ఆ పెద్ద.

కేసులన్నీ అయ్యాక, దీపం వెలుతురు కావలసిన వేళకి పిలిచారు. ఉదయం లేని కాగితాలు సాయంత్రానికి పుట్టుకొచ్చాయి. ముద్దాయి ఇన్నాళ్లుగా పరారీలో ఉన్నాడని, నిన్న రాత్రి నౌపడ రైల్వే స్టేషన్లో పారిపోతుండగా పట్టుకున్నామని ఎస్సై చదివాడు. తవిటమ్మ వెనకనుంచి "అబద్దం! నిన్న నీ పందిరికి గోతులు తవ్వినాడు!" అని అరిచింది. బంట్రోతు ఆమె నోటి ముందు చెయ్యి అడ్డం పెట్టి, "మళ్లీ అరిస్తే గెంటేస్తాను" అన్నాడు. మేజిస్ట్రేటుగారు పొద్దున్న ఆ పందిరి కిందే రెండు గంటలు కూర్చున్నాడు. ఎస్సై చదివింది విన్నాడు. రాసుకున్నాడు. పుస్తకం దాటని మనిషి. పుస్తకంలో రేపటికి వాయిదా వెయ్యవచ్చనీ ఉంటుంది, ఆ పేజీ ఆ సాయంత్రం ఆయన తిరగెయ్యలేదు.

"నరసింగరావుగారి కట్ట నువ్వు తెంపావని, ఉప్పు నష్టపరిచావని నీ మీద అభియోగం. నేరం ఒప్పుకుంటావా?"

అప్పలసూరి తలగుడ్డ విప్పి నేల మీద పరిచాడు. కాలి నొప్పితో మెల్లగా వంగి, సాష్టాంగపడ్డాడు.

"తప్పు నాదే బాబూ. పెద్దలు దయ సూడాల."

ఎస్సై కూడా ఆశ్చర్యపోయాడు, ఇంత సులువవుతుందని అతనూ అనుకోలేదు. మేజిస్ట్రేటుగారు కలం ఆపి, పుస్తకం చెప్పినట్టే అడిగాడు. "ఎవరైనా కొట్టి చెప్పించారా? నీ ఇష్టంతోనే చెబుతున్నావా?"

"నేదు బాబూ. నా ఇట్టంతోటే."

బలవంతాన వంచిన తల తల కాదు గదా. గెడ్డపాలెంలో ఎవడైనా అలాగే చెబుతాడు. తవిటమ్మ వెనక నిలబడి, బాగా సెప్పినాడు అనుకుంది. ఇక అడుగుతాడు, ఇక అడుగుతాడు అని మేజిస్ట్రేటుగారి పెదాల కేసే చూసింది. అప్పలసూరి నేల మీద బోర్లా పడుకుని ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాడు.

కలం గీసుకుంటూ పోయింది. "లెగు" అన్న మాట వచ్చింది, కానీ గంగరాజు నోట. అప్పలసూరి లేచి, గుడ్డ దులుపుకుని, చేతులు జోడించి, గొంతు సవరించుకున్నాడు.

"ముద్దాయి నేరం ఒప్పుకున్నందున ఆరు నెలల కఠిన శిక్ష" అన్నాడు మేజిస్ట్రేటుగారు, పొద్దున్న మైకులో మాట్లాడిన గొంతుతోనే. లేచి నిలబడ్డాడు. అందరూ లేచి నిలబడ్డారు.

"బాబూ, ఆ కట్టకి పీతలు..." అని మొదలుపెట్టాడు అప్పలసూరి.

"అయిపోయింది. నడు" అన్నాడు గంగరాజు.

"అడగనేదు గదా!" తవిటమ్మ గొంతు చించుకుంది. "ఏటి జరిగిందో అడగనేదు గదా బాబూ! అడగరేటి? మొగోడు అంత మర్యాదగ తల వంచితే, ఏటయ్యిందిరా అని ఒక్క ముక్క అడగరేటి?" బంట్రోతు చెప్పినట్టే గెంటేశాడు. గడపకి తగిలి ఆమె బొటనవేలి గోరు లేచిపోయింది. ఆ నొప్పి ఆమెకి తర్వాతెప్పటికో గానీ తెలియలేదు.

సుందరరావు మాస్టారు అప్పుడొచ్చాడు, రొప్పుకుంటూ. జరిగింది విని, గంగరాజు బయటికి తెచ్చిన అప్పలసూరి ఎదురుగా వరండా మెట్టు మీద కూలబడ్డాడు. "ఎందుకు ఒప్పుకున్నావు అప్పలసూరీ? చెయ్యనిదాన్ని చేశానని ఎందుకు ఒప్పుకున్నావు?"

"ఒప్పుకోందే మాటాడనివ్వరు గదా మాస్టారూ" అన్నాడు అప్పలసూరి.

తవిటమ్మ ఆయన మీదికి తిరిగింది. "ఏడేడు సముద్రాల అవతల సంగతులన్నీ సెప్పినావు. పట్టుకోకూడదన్నావు, కొట్టకూడదన్నావు. ఆ బల్ల ముందు మొదట ఏటనాలో ఆ ఒక్క ముక్క సెప్పలేకపోనావా?"

"నాకు తెలీదు తవిటమ్మా. మీరలా చేస్తారని నాకు తెలీదు."

"నీకు తెలీదు. ఆ బాబుకి తెలీదు. ఆ రాసినోలకి తెలీదు. మా తగువు ఎలగ తీరుతాదో ఎవులికీ తెలీదు. మాకు మాత్రం మీయన్నీ తెలియాల!" ఆమె అప్పలసూరి కేసి తిరిగింది. "నానే సెప్పినాను, ముందు తప్పు తలకెత్తుకోమని. నా నోటితో నానే సెప్పినాను." కుడిచేత్తో తన నోటి మీద తనే కొట్టుకుంది. కూర్మమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"పైకోర్టుకి పోవచ్చా?" అని కూర్మమ్మే అడిగింది.

"ఒప్పుకున్నవాడికి పెద్దగా ఏమీ ఉండదు" అన్నాడు మాస్టారు. "శిక్ష ఎక్కువైందని అడగొచ్చు. చెయ్యలేదని అనడానికి లేదు."

"ఆ పైన?"

మాస్టారు తల అడ్డంగా ఆడించాడు.

జైలుకి తీసుకుపోయే బస్సు కోసం గంగరాజు అప్పలసూరిని కోర్టు ఆవరణలో నిలబెట్టాడు. ఈసారి తాడు కాదు, బేడీలు. తవిటమ్మ వెళ్లి అతని ఎదురుగా నిలబడింది.

"నాను సెయ్యనేదు అను."

"ఇప్పుడెందుకే? ఇనీవోడెవుడు?"

"నాను ఇంతాను. అను."

అప్పలసూరి చుట్టూ చూశాడు. పెద్దవాళ్లు తిరిగే చోట ఆ మాట అతని నోట పుట్టి ఎరగదు. నేల చూసి, గొణిగినట్టు, "నాను సెయ్యనేదు" అన్నాడు.

"తలెత్తి అను."

"ఏయ్, నోర్ముయ్యండి ఇద్దరూ" అన్నాడు గంగరాజు.

"నాను సెయ్యనేదు" అన్నాడు అప్పలసూరి, తల కాస్త ఎత్తి. గంగరాజు చెంప మీద ఒక్కటిచ్చాడు. చిట్లిన పెదవి మళ్లీ చిట్లింది. అప్పలసూరి తల పక్కకి తిరిగింది, మళ్లీ ముందుకే వచ్చింది. "నాను సెయ్యనేదు!" ఈసారి వరండాలో ఉన్న ప్లీడరు గుమాస్తాలు, జట్కావాళ్లు, సోడా అమ్మేవాడు అందరూ ఇటు చూశారు. తవిటమ్మకి కళ్ల వెంట నీళ్లు ధారలు కట్టాయి. తుడుచుకోలేదు. "ఇంకోపాలి అను మావా" అంది.

మేజిస్ట్రేటుగారు అప్పుడే బయటికొచ్చి రిక్షా ఎక్కుతున్నాడు. గంగరాజు కొట్టడానికి ఎత్తిన చెయ్యి దించి సెల్యూట్ చేశాడు. అప్పలసూరి దణ్ణం పెట్టలేదు, వంగలేదు. ఆయన కళ్లలోకి తిన్నగా చూసి, "బాబూ, ఆ కట్ట నాను తెంపనేదు" అన్నాడు.

మేజిస్ట్రేటుగారు ఒక కాలు రిక్షాలో, ఒక కాలు నేల మీద ఉంచి ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన మొహంలో జాలి ఉంది, నిజంగానే ఉంది, దాన్ని చూసి తవిటమ్మకి ఇంకా మండింది.

"ఆ మాట లోపల చెప్పాల్సిందయ్యా" అన్నాడు ఆయన మెత్తగా.

"లోపల మీరు అడగనేదు బాబూ" అన్నాడు అప్పలసూరి.